మెసయీద్ నుంచి మంచుకొండకు: ఒంటరిగా బయల్దేరేవారికి కొన్ని విశేషాలు

ఖతార్ మొత్తం మీద ఎత్తైన చోటు ఖురైన్ అబూ అల్ బౌల్. దాని ఎత్తు 103 మీటర్లు. దోహాలోని ఆస్పైర్ టవర్ ఎత్తు 300 మీటర్లు. అంటే ఈ దేశంలో మనిషి కట్టిన కట్టడం, ప్రకృతి పెట్టిన గుట్టకు దాదాపు మూడింతలు. ఇక మెసయీద్ సముద్రం అంచునే ఉంది. దుఖాన్ చమురును ఓడల్లోకి ఎక్కించడానికి 1949లో వెలిసిన రేవు అది. ఇక్కడి ఎరువుల, ఉక్కు, పెట్రోకెమికల్ కర్మాగారాల్లో డ్యూటీ చేసే మనవాడొకడు "ఈసారి లీవులో ఒక్కణ్ణే హిమాలయాలకు వెళ్తా" అంటే రూమ్‌లో నలుగురూ వింతగా చూస్తారు. వింతేమీ లేదు. ఈ చదును దేశం నుంచే షేక్ మొహమ్మద్ బిన్ అబ్దుల్లా అల్ థానీ 2013 మేలో ఎవరెస్ట్ ఎక్కారు. 2022 మేలో షేఖా అస్మా అల్ థానీ ఆ శిఖరం చేరిన తొలి ఖతారీ మహిళ అయ్యారు.

మెసయీద్‌లో కొండ లేదు గానీ ఇసుక ఉంది. దాని విలువ చాలామందికి తెలియదు. గట్టి నేల మీద నడిచే వేగంతోనే ఇసుకలో నడిస్తే ఒంటికి 2.1 నుంచి 2.7 రెట్లు ఎక్కువ శక్తి ఖర్చవుతుందని 1998లో బెల్జియం పరిశోధకులు కొలిచి చూపారు. పరుగెత్తితే ఈ తేడా 1.6 రెట్లే. కాబట్టి కొండ కోసం కాళ్లు సిద్ధం చేసుకునేవాడు మెసయీద్ పక్కనున్న సీలైన్ ఒడ్డున పరుగు తీయక్కర్లేదు. వీపున బ్యాగుతో తిన్నెల మీద గంటసేపు నింపాదిగా నడిస్తే చాలు, పిక్కలకూ చీలమండలకూ పని బాగా పడుతుంది. బ్యాగులో బరువుకు నీళ్ల సీసాలు మంచివి. లీటరుకు కిలో లెక్క తేలిక, పైగా ఎడారిలో నీళ్లు ఎన్ని ఉన్నా ఎక్కువ కావు.

ఈ తిన్నెల కథ కూడా వినదగ్గది. గత మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు తక్కువగా ఉండేది. లోతు తక్కువైన ఈ గల్ఫ్ అప్పుడు ఎండిన నేల. గాలి ఆ నేల మీదుగా ఇసుకను తోలుకొచ్చింది. తర్వాత సముద్రం మళ్లీ నిండింది, కొత్త ఇసుక రావడం ఆగిపోయింది. ఉన్న తిన్నెలను వాయవ్యం నుంచి వీచే షమాల్ గాలి మెల్లగా ఆగ్నేయానికి నెడుతూ సముద్రంలో కలుపుతోంది. చిన్న తిన్నె త్వరగా కదులుతుంది, పెద్దది నిదానంగా. మెసయీద్ దగ్గర్లో కొన్ని తిన్నెలు పాడతాయి కూడా. ఎండి, ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉన్న రేణువులు వాలు మీదుగా జారినప్పుడు లోతైన ఝుంకారం పుడుతుంది. వానో తేమో తగిలితే ఆ పాట వినపడదు.

అయితే శుక్ర, శనివారాల్లో ఇక్కడ తిన్నెల మీద బళ్లు తోలేవాళ్లు చాలామంది ఉంటారు. తిన్నె కొన అవతల ఏముందో డ్రైవర్‌కు కనపడదు. నడకకు వెళ్లేవాళ్లు తెల్లవారగానే, బళ్ల చారలు లేని వైపు వెళ్లి, కొన దగ్గర ఆగి చూసి మరీ దాటాలి. కాలం విషయానికి వస్తే నవంబర్ నుంచి మార్చి దాకానే. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా బయటి పని నిషేధం. ఎండ, తేమ, గాలి కలిపి కొలిచే సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలని 2021 నుంచి నియమం ఉంది. పనికి పనికిరాని ఎండ సాధనకూ పనికిరాదు.

ఇసుక నేర్పలేనిది ఒకటుంది, దిగడం. తిన్నె దిగేటప్పుడు కాలు మెత్తగా కూరుకుపోతుంది, తొడ కండరానికి దెబ్బ తగలదు. కొండ దిగేటప్పుడు రాతి మెట్టు మీద ప్రతి అడుగుకూ తొడ ముందువైపు కండరం సాగుతూనే బరువు మోయాలి. కొత్తవాళ్లను కుంటించేది ఈ దిగుడే. దీనికి మందు మెట్లు దిగడం మాత్రమే. అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎక్కి మెట్ల మీదుగా దిగే అలవాటు నెలరోజులు పెట్టుకుంటే కండరం ఆ పనికి అలవాటు పడుతుంది. ఊరికి వచ్చాక అయితే మనకు తిరుమల ఉండనే ఉంది. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. దర్శనం అయ్యాక బస్సెక్కకుండా నడిచే దిగిన భక్తుడి తొడలు హిమాలయానికి సగం సిద్ధమైనట్టే అని నా నమ్మకం.

మిగతా సగం ఊపిరికి సంబంధించింది. దాన్ని మెసయీద్‌లోనూ తిరుమలలోనూ సాధన చేయలేం. సముద్రమట్టం నుంచి 5,500 మీటర్లు పైకి వెళ్తే గాలి ఒత్తిడి సగానికి పడిపోతుంది, దాంతోపాటే ప్రతి శ్వాసకూ అందే ఆక్సిజన్ కూడా. 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా ఎత్తు జబ్బు రావచ్చు. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం దాని మొదటి గుర్తులు. జిమ్‌లో కండలు పెంచిన కుర్రవాడికి రాదనీ, యాభై దాటిన మనిషికే వస్తుందనీ అనుకోవడం పొరపాటు. ఒంటి దారుఢ్యం దీన్ని ఆపదు. దీన్ని ఆపేది రోజులు. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఆగాలి. డాక్టర్లు రాసే అసిటజోలమైడ్ మాత్ర సాయం చేస్తుంది గానీ రోజులను మిగల్చదు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి.

గల్ఫ్ ఉద్యోగి దగ్గర కొరవడేది ఆ రోజులే. 2004 నాటి ఖతార్ కార్మిక చట్టం ప్రకారం అయిదేళ్ల లోపు సర్వీసు ఉన్నవారికి ఏడాదికి మూడు వారాల లీవు, అయిదేళ్లు నిండితే నాలుగు వారాలు. ఆ మూడు వారాల్లోనే అమ్మానాన్నలూ, పెళ్లాం పిల్లలూ, మేనకోడలి పెళ్లీ, బ్యాంకు పనీ ఉంటాయి. మిగిలిన వారంలో ఎవరెస్ట్ బేస్ క్యాంప్ అంటే కుదరదు. ఆ దారి 2,860 మీటర్ల లుక్లాలో మొదలై 5,364 మీటర్ల దాకా పోతుంది. నామ్చే బజార్‌లో ఒక రోజు, దింగ్‌బోచేలో ఒక రోజు ఊరికే ఆగాలి. రానూపోనూ కలిపి పన్నెండు రోజులు, వాతావరణం బాగోక లుక్లా విమానం ఆగితే ఇంకా ఎక్కువ. తొలిసారి ఒంటరిగా వెళ్లేవారికి నేనైతే పోఖరా వైపున్న పూన్ హిల్ చెబుతాను. 3,210 మీటర్ల ఎత్తు, పోఖరా నుంచి నాలుగైదు రోజుల పని. దారి పొడవునా ఊళ్లు, పొద్దున్నే ఎదురుగా అన్నపూర్ణ, ధవళగిరి శిఖరాలు. అక్కడ ఒళ్లు ఎలా ఉందో చూసుకుని మరుసటి ఏడాది లీవుకు 4,130 మీటర్ల అన్నపూర్ణ బేస్ క్యాంప్ అనుకోవచ్చు.

నేపాల్‌కు వెళ్లేముందు ఒక మార్పు తెలిసి ఉండాలి. విదేశీ ట్రెకర్లు లైసెన్స్ ఉన్న గైడ్‌ను వెంటబెట్టుకోవాలని 2023 ఏప్రిల్ 1 నుంచి అక్కడ నియమం. ఎవరెస్ట్ దారి ఉన్న ఖుంబూలో మాత్రం స్థానిక పాలకమండలి దీన్ని అమలు చేయబోమంది. గైడ్ ఉంటే ఒంటరి ప్రయాణం కాదని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. నడక మీదే, వేగం మీదే, ఆగే చోటు మీదే. మెసయీద్‌లో ఇంకో వరం ఏమిటంటే పక్క బెడ్డు మీద పడుకునే నేపాలీ భాయ్ ఆ కొండ జిల్లాల వాడే కావచ్చు. ఏ నెలలో వాన, ఏ ఊళ్లో వేడినీళ్లు, ఎక్కడ ఎంత చలి అనేది అతన్ని అడిగితే ఏ పుస్తకంలోనూ దొరకనంత తెలుస్తుంది.

నేపాల్ దూరమనుకుంటే ఒమన్ ఉంది. హజర్ పర్వతాల్లోని జబల్ షమ్స్ ఎత్తు సుమారు 3,000 మీటర్లు. వాది ఘూల్ లోయ అంచు వెంబడి కొండకు చెక్కినట్టున్న బాల్కనీ దారి, మనుషులు విడిచిపోయిన అస్ సాబ్ పల్లె దాకా వెళ్తుంది. దారి పొడవునా రాళ్ల మీద పసుపు, తెలుపు, ఎరుపు చారలు గుర్తుగా ఉంటాయి. వారాంతానికి ఒక రోజు సెలవు జోడిస్తే సరిపోయే తొలి పరీక్ష ఇది. అంచున రక్షణ గోడ లేదు, కళ్లు తిరిగేవాళ్లకు కుదరదు.

మళ్లీ ఎత్తు జబ్బు దగ్గరికి వస్తాను, ఒంటరి మనిషికి అసలు ప్రమాదం అందులో ఉంది కాబట్టి. జబ్బు ముదిరి మెదడుకు వాపు వస్తే మొట్టమొదట పోయేది తెలివిడి. అడుగు తూలుతుంది, మాట తడబడుతుంది, అయినా తను బాగానే ఉన్నాననే అనిపిస్తుంది. పక్కన మనిషి ఉంటే కనిపెడతాడు. ఒక్కడే ఉంటే చెప్పేవాళ్లుండరు. అందుకే పర్వతారోహకులు చేసే చిన్న పరీక్ష రోజూ సాయంత్రం చేసుకోవాలి. ఒక పాదం మడమను ఇంకో పాదం వేళ్లకు ఆనిస్తూ గీత గీసినట్టు పది అడుగులు నడవాలి. తూలితే ఆ రాత్రే కిందికి దిగాలి, తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు. బస చేసిన ఇంటివాళ్లకు "రేపు పొద్దున నన్ను ఒకసారి పలకరించండి" అని చెప్పడానికి మొహమాటపడవద్దు.

నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం వాసి మల్లి మస్తాన్ బాబు గురించి మనవాళ్లంతా తెలుసుకోవాలి. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎంల మీదుగా కొండల్లోకి వెళ్లారు. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ ఎక్కారు. 2015 మార్చిలో ఆండీస్‌లో, 6,700 మీటర్లు దాటిన సెర్రో ట్రెస్ క్రూసెస్ మీదికి ఒంటరిగా వెళ్లి తుపానులో చిక్కుకున్నారు. మార్చి 24 తర్వాత మాట అందలేదు, ఏప్రిల్ 3న దేహం దొరికింది. అంత అనుభవం ఉన్న మనిషి. ఎక్కడికి వెళ్లారో, మాట ఎప్పుడు ఆగిందో కింద తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టే వెతుకులాట మొదలైంది. మెసయీద్ నుంచి వెళ్లేవాళ్లు కూడా రూమ్‌మేట్‌కు ఒక కాగితం, ఇంటికి ఒక కాగితం ఇచ్చి వెళ్లాలి. అందులో ఏ రాత్రి ఏ ఊళ్లో బస, ఏ తేదీ దాటితే ఎవరికి ఫోన్ చేయాలి, పాస్‌పోర్ట్ నంబర్, బీమా నంబర్ రాసి ఉండాలి. బీమాలో ఎంత ఎత్తు దాకా వర్తిస్తుందో, హెలికాప్టర్ ఖర్చు ఇస్తారో లేదో చదివి మరీ కొనాలి.

కొండల్లో ఆపదలో పిలిచే పద్ధతి ఒకటుంది. నిమిషంలో ఆరుసార్లు విజిల్ ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు. రాత్రయితే టార్చితో అంతే. విన్నవాళ్లు మూడుసార్లు బదులిస్తారు. గల్ఫ్‌లో కొన్న శాటిలైట్ ఫోన్‌నో, శాటిలైట్ మెసేజ్ యంత్రాన్నో మాత్రం అనుమతి లేకుండా ఇండియాలోకి తేకూడదు. మన దేశంలో అది నేరం, విమానాశ్రయాల్లో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్నవారు ఉన్నారు.

చలువ కళ్లద్దాల సంగతి ఇంకోటి. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో ఇసుక తిప్పికొట్టేది 15 శాతం దాకా, కొత్త మంచు తిప్పికొట్టేది 80 శాతం దాకా. మెసయీద్ ఎండకు అలవాటుపడిన కళ్లు కూడా మంచు మీద ఒక్క పూటలో మండిపోతాయి. పక్కల నుంచి కూడా వెలుగు రాని అద్దాలు కావాలి.

అన్నం విషయం ప్రేమగా చెబుతున్నాను. 4,000 మీటర్ల మీద నీళ్లు 87 డిగ్రీల లోపే మరుగుతాయి. మూత లేని గిన్నెలో బియ్యం ఎంతసేపు ఉడికినా పలుకే. అందుకే పై ఊళ్లలో ప్రెషర్ కుక్కర్ లేని వంటిల్లు ఉండదు. మన వైపు నుంచి తీసుకెళ్లదగ్గవి సత్తుపిండీ అటుకులూ. గోరువెచ్చని నీళ్లు చాలు, ఆకలి లేనప్పుడు కూడా దిగుతాయి. ఓ చిన్న సీసాలో ఆవకాయ ఉంటే దాల్‌భాత్ రెండు ముద్దలు ఎక్కువ పోతుంది.

గల్ఫ్‌కు ఎందరినో పంపిన నిజామాబాద్ జిల్లాలోని పాకాల పిల్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతున్న ఈ పిల్లలు నేరుగా అక్కడికి వెళ్లలేదు. మొదట భువనగిరి కోట రాయి, తర్వాత డార్జిలింగ్, ఆపైన గడ్డకట్టే చలిలో లడఖ్. మనం వెళ్లేది శిఖరానికి కాకపోయినా వరుస ఇదే. మెసయీద్ తిన్నెలు, అలిపిరి మెట్లు, ఒమన్ అంచు, ఆ తర్వాతే పూన్ హిల్.

తిరిగొచ్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. కొండ మీద మోకాళ్ల నొప్పికి ఎవరో ఇచ్చిన మాత్రల్లో ట్రమడాల్, కోడీన్ ఉన్నాయేమో చూసుకోకుండా దోహాలో దిగవద్దు. ఇక్కడ వాటిపై కఠినమైన నియంత్రణ ఉంది. ఇక డ్యూటీలో చేరే తేదీ. దిగుడు నొప్పి దిగిన రోజున కాక రెండో రోజూ మూడో రోజూ ఎక్కువవుతుంది. ప్లాంటులో నిచ్చెనలు ఎక్కే పని ఉన్నవాళ్లు పోఖరా నుంచి వచ్చిన మర్నాడే షిఫ్టు పెట్టుకోకుండా, కనీసం రెండు రోజులు లీవులోనే మిగుల్చుకుని టికెట్ బుక్ చేసుకోవాలి.