రెండు పైథాన్‌లకూ ఒకటే ప్రాంప్ట్

టెర్మినల్ తెరవగానే మన కమాండ్ కోసం ఎదురుచూసే చిన్న వరసే ప్రాంప్ట్. నా ప్రాంప్ట్‌ను పైథాన్‌లో రాసుకున్నాను. ఏ ఫోల్డర్‌లో ఉన్నానో, గిట్‌లో ఏ బ్రాంచి మీద పనిచేస్తున్నానో చెబుతుంది. ఎంటర్ నొక్కిన ప్రతిసారీ ఆ స్క్రిప్టు మళ్లీ నడుస్తుంది.

కొత్త ల్యాప్‌టాప్‌లో పైథాన్ 3 పెట్టిన రోజు, ప్రాంప్ట్ ఉండాల్సిన చోట సింటాక్స్ ఎర్రర్ కనిపించింది. ఆఫీసు సర్వర్లో ఇంకా పైథాన్ 2.7 ఉంది. రెండు చోట్లా ఒకే ఫైలు నడవాలి.

2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3 కొన్ని పాత పద్ధతులను కావాలనే వదిలేసింది. అందులో ప్రింట్ ఒక ఫంక్షన్, బ్రాకెట్లు తప్పనిసరి; నా స్క్రిప్టులో అవి లేకనే ఆ ఎర్రర్. బ్రాకెట్లు పెట్టి, ఫైలు పైన ఫ్యూచర్ మాడ్యూల్ నుంచి ప్రింట్ ఫంక్షన్‌ను ఇంపోర్ట్ చేశాను. దాంతో 2.7 కూడా అదే దారిలోకి వచ్చింది.

రెండో చిక్కు ఇంకా లోతైనది. గిట్ ఇచ్చే జవాబు పైథాన్ 3కి అక్షరాలుగా కాక బైట్లుగా అందుతుంది. అందుకే వెర్షన్ చూసి, 3 అయితేనే యూటీఎఫ్-8గా డీకోడ్ చేయమన్నాను.

పైథాన్ 2కు అధికారిక మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. అయినా పాత సర్వర్ల మీద రోజూ పనిచేసేవాళ్లు ఉన్నారు. వాళ్ల చేతిలోనూ మన ప్రోగ్రాం నడవాలన్న శ్రద్ధ ఈ వృత్తిలో మర్యాద అని నా నమ్మకం.