అపోహలు – వాస్తవాలు: ఎయిట్ మైల్ అవతల ఉన్నది మనుషులే

మిషిగన్‌లో డెట్రాయిట్ శివారైన ట్రాయ్‌లోని తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక హెచ్చరిక ఏటా ఆగస్టులో మళ్ళీ తిరగడం మొదలవుతుంది. కొత్త విద్యార్థులు దిగే రోజులు అవి, వేసవికి వచ్చిన అమ్మానాన్నలు ఇంకా తిరుగు ప్రయాణం కట్టని రోజులు. "ఎయిట్ మైల్ రోడ్డు దాటి అటు వెళ్ళకండి, అక్కడంతా నల్లవాళ్ళు, మెడలో బంగారం చూస్తే వదలరు" అన్నది దాని సారాంశం. వెనకే ఏ ఊరిదో, ఏ సంవత్సరానిదో తెలియని వీడియో ఒకటి. పంపేవాళ్ళు మన మేలు కోరే పంపుతారు, ఆ సంగతి నాకు తెలుసు. జరుగుతున్న హాని కూడా కళ్ళముందే ఉంది. డెట్రాయిట్ నడిబొడ్డున ఉన్న వేన్ స్టేట్ యూనివర్సిటీలో సీటు వచ్చిన పిల్లను ఇంట్లోవాళ్ళు ఈ భయంతోనే మాన్పిస్తారు. పార్సిల్ ఇచ్చి వెళ్ళిన నల్లజాతి కుర్రాడి బొమ్మ డోర్‌బెల్ కెమెరాలోంచి గ్రూపులోకి ఎక్కుతుంది, "ఎవరో అనుమానంగా తిరుగుతున్నాడు" అన్న వ్యాఖ్యతో. సత్యనారాయణ వ్రతానికి వీధంతా వస్తుంది, మూలింటి నల్లజాతి కుటుంబానికి మాత్రం పిలుపు వెళ్ళదు.

అందుకే ఇక్కడ ఎక్కువ చోటు ఈ ఒక్క అపోహకే ఇస్తున్నాను.

ముందు దూరం చూద్దాం. మన బిగ్ బీవర్ రోడ్డే పదహారో మైలు. అక్కడి నుంచి డెట్రాయిట్ ఉత్తరపు హద్దైన ఎయిట్ మైల్ రోడ్డు సరిగ్గా ఎనిమిది మైళ్ళు, అంటే పదమూడు కిలోమీటర్లు. ఇంత దగ్గరున్న ఊరి గురించి మన అభిప్రాయం ఇక్కడికి వచ్చాక ఏర్పడింది కాదు. విజయవాడలోనో వరంగల్‌లోనో టీవీ ముందు కూర్చున్నప్పుడే ఏర్పడిపోయింది. హాలీవుడ్ డబ్బింగ్ సినిమాలో నల్లజాతి మనిషి కనిపిస్తే తుపాకీతోనో, మత్తుమందు పొట్లంతోనో కనిపించాడు. డెట్రాయిట్ కనిపిస్తే కాలిన ఇళ్ళతో కనిపించింది. 1987లో వచ్చిన 'రోబోకాప్' సినిమా డెట్రాయిట్‌ను నేరాల నగరంగా ప్రపంచమంతా చూపించింది. ఆ సినిమా చాలామటుకు తీసింది డాలస్‌లో. అందులో కనిపించే పెద్ద కంపెనీ భవనం డాలస్ సిటీ హాలే, దానిపై అంతస్తులు మాత్రం బొమ్మగా అతికించారు. అంటే మనలో చాలామంది డెట్రాయిట్ అనుకుని భయపడిన వీధులు, ఇవాళ మన బంధువులు ఇళ్ళు కొనుక్కుని హాయిగా ఉంటున్న డాలస్ వీధులు. 2002 నాటి 'ఎయిట్ మైల్' సినిమా సంగతీ అంతే. ఎమినెమ్ నటించిన ఆ కథలో హీరో ట్రెయిలర్ ఇంట్లో బతికే పేద తెల్ల కుర్రవాడు. మనం ఆ పేదరికాన్ని పట్టించుకోలేదు. రోడ్డు పేరు, దాని చుట్టూ ఉన్న భయం మాత్రమే గుర్తు పెట్టుకున్నాం.

ఇలాంటి బొమ్మలు అమెరికాలోనూ హాని చేశాయి. కానీ ఇక్కడ వాటికి ఎదురు చెప్పినవాళ్ళు ఉన్నారు. 'అమోస్ అండ్ ఆండీ' అనే హాస్య కార్యక్రమం 1928లో రేడియోలో మొదలైంది. ఇద్దరు తెల్లవాళ్ళు నల్లవాళ్ళ గొంతులు అనుకరిస్తూ వాళ్ళను సోమరులుగా, మోసగాళ్ళుగా చూపేవాళ్ళు. 1951లో అది టీవీకి ఎక్కగానే నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ గట్టిగా అభ్యంతరం చెప్పింది. 1953కల్లా కొత్త భాగాలు ఆగిపోయాయి. అయినా పాతవి అమ్ముడవుతూనే వచ్చాయి. 1963లో కెన్యాకు అమ్మితే అక్కడి ప్రభుత్వం ప్రసారం కానివ్వనంది. కెన్యా ఒప్పుకోలేదు గానీ, ఈ ఉదంతంలో నాకు ముఖ్యంగా తోచేది ఇదే: మామూలుగా కార్యక్రమం దేశాలు దాటుతుంది, దాని మీద వచ్చిన అభ్యంతరం పుట్టినచోటే ఉండిపోతుంది. అమెరికాలో పెరిగిన తెల్లవాడికి సినిమాలో దొంగతో పాటు తరగతిలో నల్లజాతి టీచరు, ఆస్పత్రిలో నల్లజాతి డాక్టరు కూడా ఎదురుపడే అవకాశం ఉంది. గుంటూరులో కూర్చున్న ప్రేక్షకుడికి ఆ అవకాశం లేదు. అతనికి సినిమా ఒక్కటే సాక్ష్యం. పదేళ్ళు చూసిన ఆ సాక్ష్యంతో అతను ట్రాయ్‌లో దిగుతాడు, దిగగానే ఆ ఆగస్టు మెసేజ్ దాన్ని ఖాయం చేస్తుంది.

మనకు నల్లజాతి మనుషులు సినిమాతోనే తొలిసారి పరిచయమయ్యారని అనుకుంటే అదీ తప్పే. హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరు మీద వెలసిన పేట. వాళ్ళ వారసులు ఇప్పటికీ హైదరాబాదీలే. నగరంలో పెళ్ళి ఊరేగింపుల్లో మోగే మర్ఫా వాయిద్యం వెనుక వాళ్ళ చేయి ఉంది. అదే హైదరాబాద్‌లో 2016 మేలో పార్కింగ్ తగాదాలో నైజీరియా విద్యార్థి ఒకరిపై ఇనుప రాడ్‌తో దాడి జరిగింది. మరుసటి ఏడాది మార్చిలో ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో, ఒక కుర్రాడు కనిపించకపోతే నైజీరియా విద్యార్థులు మనిషిని తినేశారన్న పుకారు పుట్టి, గుంపులు ఆఫ్రికా విద్యార్థులను వెంటాడి కొట్టాయి. నరమాంసం తినే ఆఫ్రికావాడు అన్న ఊహ నోయిడా మట్టిలో మొలిచింది కాదు. వలస పాలకుల పుస్తకాల్లో, పాత హాలీవుడ్ అడవి సినిమాల్లో పెరిగి మన దగ్గరికి వచ్చింది.

ఇక డెట్రాయిట్ ఎందుకు దెబ్బతిన్నది? "వాళ్ళు పాడుచేసుకున్నారు" అనేవాళ్ళు ఎయిట్ మైల్‌కు దక్షిణంగా, వయోమింగ్ అవెన్యూ దగ్గరున్న బర్‌వుడ్ గోడను ఒకసారి చూడాలి. ఆరడుగుల ఎత్తు, అరమైలు పొడవు. 1941లో ఒక బిల్డర్ కట్టించాడు. నల్లజాతి పేట పక్కనే తెల్లవాళ్ళకు ఇళ్ళు కడితే ప్రభుత్వ గృహరుణ హామీ దొరకదు. మధ్యలో గోడ కట్టాక దొరికింది. నల్లవాళ్ళుండే వీధులకు అప్పులు ఇవ్వకూడదని అధికారిక పటాల మీదే ఎర్రరంగు వేసిన కాలం అది. మనం రోజూ ఆఫీసుకు వెళ్ళే ఐ-75 రహదారి డెట్రాయిట్‌లో చాలా దూరం ఒకప్పటి హేస్టింగ్స్ స్ట్రీట్ మీదుగానే పోతుంది. నల్లజాతి దుకాణాలు, హోటళ్ళు, సంగీత మందిరాలతో కళకళలాడిన వీధి అది. దానితో పాటు నల్లజాతివాళ్ళుండే బ్లాక్ బాటమ్ పేటను కూడా కూల్చేశారు. ఫ్యాక్టరీలు శివార్లకు వెళ్ళాయి, తెల్లవాళ్ళు వాటి వెంట వెళ్ళారు, పన్ను డబ్బు వాళ్ళతో వెళ్ళింది. 1950లో పద్దెనిమిదిన్నర లక్షలున్న జనాభా 2020కి 6.39 లక్షలకు పడిపోయింది. 2013లో నగరం దివాలా తీసింది. ట్రాయ్ 1955లో నగరంగా ఏర్పడి పెరిగింది సరిగ్గా ఈ వలస కాలంలోనే. మన ఊళ్ళోని మంచి బడులకూ అటువైపు ఖాళీ స్థలాలకూ సంబంధం లేదని ఎలా అనగలం?

ఒక్కటి ఒప్పుకోవాలి. డెట్రాయిట్‌లో హింసాత్మక నేరాల రేటు ట్రాయ్‌తో పోలిస్తే చాలా ఎక్కువ, కారు బీమా కూడా ఎక్కువే. కాదంటే అబద్ధమవుతుంది. కానీ 2024లో ఆ నగరంలో హత్యలు 203. 1965 తర్వాత అంత తక్కువ నమోదు కావడం అదే మొదటిసారి. 1974లో అవి ఏడువందలు దాటాయి. ఆ హింసకు బలైనవాళ్ళలో అత్యధికులు అక్కడే బతికే నల్లజాతివాళ్ళు, ఎయిట్ మైల్ దాటి మధ్యాహ్నం మ్యూజియం చూసొచ్చే తెలుగు కుటుంబాలు కాదు.

మిగతా నమ్మకాలకు ఇంత చోటు అక్కర్లేదు. "వాళ్ళకి మనమంటే పడదు" అంటారు. డెట్రాయిట్‌లో ఎక్కువ భాగం ఉన్న నియోజకవర్గం 2022లో కర్ణాటకలో పెరిగిన శ్రీ థానేదార్‌ను అమెరికా కాంగ్రెస్‌కు పంపింది. డెట్రాయిట్ పక్క ఊరి గురించి "డియర్‌బార్న్‌లో షరియా చట్టం నడుస్తోంది" అన్నది పచ్చి అబద్ధం, అక్కడ నడిచేది మిషిగన్ చట్టమే. "మనమూ చామనఛాయవాళ్ళమే, మనకు జాతి వివక్ష ఏమిటి" అనేవాళ్ళు తమ ఇంటి పెళ్ళిచూపుల మాటలు గుర్తు చేసుకుంటే చాలు.

"మనం సొంత ప్రతిభతో వచ్చాం" అన్న మాట మాత్రం నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. ప్రతిభ ఉంది, నిజమే. 1923లో భగత్‌సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి పనికిరారంది. అప్పుడూ మనకు ప్రతిభ ఉంది, తలుపు మాత్రం తెరుచుకోలేదు. మన డాక్టర్లకు, ఇంజనీర్లకు తలుపు తీసినది 1965 వలస చట్టం. నల్లజాతి ప్రజలు దెబ్బలు తిని, జైళ్ళకు వెళ్ళి నడిపిన పౌరహక్కుల ఉద్యమపు వేడిలోనే అది వచ్చింది.

సినిమా, టీవీ బొమ్మల ఈ యంత్రం మనమీదా పనిచేసింది. 'సింప్సన్స్' కార్టూన్‌లో అపు అనే భారతీయ కొట్టు యజమాని 1990 నుంచి ప్రపంచమంతా తిరిగాడు. తెల్ల నటుడు పెట్టిన వంకర యాస మన పిల్లలను బడిలో వెంటాడింది. న్యూయార్క్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిన హరి కొండబోలు 2017లో దీనిమీద డాక్యుమెంటరీ తీశాడు. 2020లో ఆ నటుడు ఆ గొంతు మానేశాడు, మరుసటి ఏడాది క్షమాపణ కూడా చెప్పాడు. కార్టూన్ చూసిన దేశాల్లో ఆ క్షమాపణ ఎంతమంది చెవిన పడింది?

కాబట్టి చేయవలసింది కొంత ఉంది. ఆ మెసేజ్ వస్తే ఊరు, తేదీ అడగండి, గ్రూపులోనే అడగండి, పంపింది పెద్దవాళ్ళయితే మర్యాదగానే అడగండి. పార్సిల్ కుర్రాడి ఫొటో గ్రూపులో కనిపిస్తే తీసేయమనండి. కొత్త విద్యార్థులకు జాగ్రత్తలు చెప్పండి, ఏ నగరంలోనైనా చెప్పేవే: కారులో బ్యాగు కనబడనివ్వొద్దు, అర్ధరాత్రి ఒంటరిగా నడవొద్దు. రంగు ప్రస్తావన వాటిలో అవసరం లేదు. అమ్మానాన్నలను ఔట్‌లెట్ మాల్‌కు మూడోసారి తీసుకెళ్ళే బదులు డెట్రాయిట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్ట్స్‌కు తీసుకెళ్ళండి. కార్మికుల మీద డియెగో రివేరా 1930లలో వేసిన గోడచిత్రాలు అక్కడున్నాయి. మన ఓక్లాండ్ కౌంటీ వాళ్ళకు ప్రవేశం ఉచితం, 2012 నుంచి మన ఆస్తిపన్నులోనే దానికి వాటా పోతోంది. దగ్గర్లోనే ఆఫ్రికన్ అమెరికన్ల చరిత్రను చూపే చార్ల్స్ రైట్ మ్యూజియం ఉంది. బయల్దేరేది శనివారం అయితే ముందు ఈస్టర్న్ మార్కెట్‌లో ఆగండి, ఆగస్టులో కూరగాయలు బాగా వస్తాయి. వచ్చే నెల వ్రతానికి పిలుపుల జాబితా రాసేటప్పుడు మూలింటి వాళ్ళ పేరు కూడా రాయండి.