3.4 పియానో రచన: హోల్‌టోన్ స్కేలు, క్లస్టర్లు, వాటి లేఖన పద్ధతి

గత విభాగంలో మేజర్, మైనర్ స్కేళ్ల నిర్మాణం చదివారు. వాటిలో స్వరాల మధ్య దూరాలు సమానంగా ఉండవు. అందువల్లనే చెవి ఆధార స్వరాన్ని ఇట్టే పోల్చుకుంటుంది. ఈ ఆధారాన్ని సడలించే రెండు పద్ధతులనూ, వాటిని కాగితం మీద రాసే తీరునూ ఇప్పుడు పరిశీలిద్దాం.

3.4.1 హోల్‌టోన్ స్కేలు

సి, డి, ఇ, ఎఫ్ షార్ప్, జి షార్ప్, ఎ షార్ప్: ఈ ఆరింటిలో ఏ రెండు పక్క స్వరాల మధ్య చూసినా దూరం రెండు అర్ధస్వరాలే. అన్ని దూరాలూ సమానమైనప్పుడు ఏది ఆధారమో చెవికి తేలదు. డెబ్యుసీ 1910లో వెలువడిన ప్రెల్యూడ్ల మొదటి సంపుటంలో ‘వ్వాల్’ అనే రచనను అధిక భాగం ఈ స్కేలుతోనే నడిపి, మధ్యలో కొద్దిసేపు మాత్రం నల్లమెట్ల పెంటటానిక్ స్కేలుకు మారాడు.

కర్ణాటక సంగీతం తెలిసినవారికి ఈ స్వరాలు కొత్తవి కావు. 62వ మేళకర్త రిషభప్రియలో పంచమాన్ని వర్జిస్తే వచ్చే గోప్రియ రాగ స్వరాలు ఇవే. అయితే అక్కడ తంబురా షడ్జాన్ని నిలబెడుతుంది. పియానోకు ఆ అండ లేదు.

లేఖనంలో ఒక చిక్కు ఉంది. స్టాఫ్ ఏడు అక్షరాలకు ఏర్పడింది కాబట్టి ఆరు స్వరాలు రాస్తే ఒక అక్షరం ఖాళీ పడుతుంది. పై వరుసలో బి లేదు. ఎ షార్ప్ నుంచి పై సికి కాగితం మీద ఎడం ఎక్కువగా కనిపించినా వినబడేది అదే దూరం. అందువల్ల కీ సిగ్నేచర్‌ను వదిలి, షార్ప్, ఫ్లాట్ గుర్తులను ఆయా స్వరాల పక్కనే రాయడం మేలు.

3.4.2 క్లస్టర్

పక్కపక్క మెట్లను ఒకేసారి నొక్కితే వచ్చే స్వరగుచ్ఛమే క్లస్టర్. అమెరికన్ స్వరకర్త హెన్రీ కోవెల్ (1897–1965) ‘ద టైడ్స్ ఆఫ్ మనానాన్’లో కుడిచేతికి మెలొడీ ఇచ్చి, ఎడమ ముంజేతితో మంద్రస్థాయిలో క్లస్టర్లు పలికించాడు.

సి నుంచి పై సి వరకు 13 మెట్లు ఉంటాయి: తెల్లవి 8, నల్లవి 5. వీటన్నిటినీ విడివిడిగా రాస్తే స్టాఫ్‌పై 8 స్థానాల్లో 13 స్వరాలు కిక్కిరిసి చదవడానికి వీలుకాదు. కోవెల్ పద్ధతిలో అట్టడుగు స్వరాన్నీ పై కొస స్వరాన్నీ రాసి, రెండింటినీ నిలువు గీతతో కలపాలి. షార్ప్ లేదా ఫ్లాట్ గుర్తు చేరిస్తే నల్ల మెట్లు మాత్రమే, నేచురల్ గుర్తు చేరిస్తే తెల్ల మెట్లు మాత్రమే నొక్కాలి. ఏ గుర్తూ లేకపోతే అన్నీ నొక్కాలి. ఒక స్థాయి వెడల్పుకు అరచేయి, రెండు స్థాయిలకు ముంజేయి సరిపోతాయి.

నేను దిద్దిన ఒక అభ్యాసపత్రంలో ఒక విద్యార్థి ‘ఇక్కడ అరచేత్తో కొట్టండి’ అని మాత్రమే రాశాడు. ముగ్గురు వాయిస్తే మూడు వేర్వేరు రచనలు వినిపించాయి. అతని ఊహ మంచిదే, కానీ కాగితం మీదికి రాలేదు. దూరవిద్యలో మీరు పక్కన కూర్చుని వివరించే వీలుండదు. మీ తరఫున మాట్లాడవలసింది ఆ కాగితమే.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. పియానోపై వేర్వేరు హోల్‌టోన్ స్కేళ్లు రెండు మాత్రమే ఎందుకు సాధ్యం?
2. డి నుంచి పై డి వరకు తెల్ల మెట్ల క్లస్టర్‌ను కోవెల్ పద్ధతిలో రాయండి.