పంచాయతీ దస్త్రములకు రెండవ ప్రతి

మార్కాపురం పలకపై వ్రాసినది తడిగుడ్డతో తుడిచిన పోవును. పిల్లలకు అది సౌకర్యమే. పన్నుల జాబితాయు, తీర్మానముల పుస్తకమును అట్లు పోరాదు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయమున నిప్పంటుకొని అనేక దస్త్రములు కాలిపోయిన సంగతి సభ్యులెరుగుదురు.

కంప్యూటరులో నెక్కించిన లెక్కలకును ఆపద లేకపోలేదు. హార్డ్ డిస్కులో నునుపైన పళ్లెములు నిమిషమునకు 5,400 లేక 7,200 మారులు తిరుగుచుండును. వాటిని తాకకుండ, వెంట్రుకకంటె ఎన్నోరెట్లు సన్నని ఎడముతో, అక్షరములను చదివెడు హెడ్డు కదలును. డిస్కు జారిపడినను, కరెంటు హఠాత్తుగా పోయినను చెడవచ్చును. పలకల కార్ఖానాల పొడి ఫ్యానులో పేరుకొన్నచో యంత్రము వేడెక్కును.

కావున వేరుగా ఒక బయటి డిస్కు కొనవలెను. ఉన్న డిస్కునే రెండు భాగములు చేసి రెండింటను లెక్కలుంచి నిశ్చింతగా నుండువారిని మేము చూచితిమి. డిస్కు చెడిన రెండును పోవును గదా! పుటకు 1 మెగాబైటు చొప్పున 1 టెరాబైటు డిస్కులో 10 లక్షల పుటలు పట్టును. గ్రామమునకు అది చాల ఎక్కువ. వారమున కొకసారి నకలు తీయించి, వెంటనే తీగ ఊడదీయించవలెను. తగిలించియే యుంచినచో పిడుగుపాటుగాని వైరస్ గాని రెండు ప్రతులను ఒకేసారి పాడుచేయగలదు. మూడవ ప్రతి గిద్దలూరులోనో మార్కాపురంలోనో, వేరొక భవనమున, తాళమువేసి యుంచుట మేలు.

మూడు నెలలకొకసారి ఆ ప్రతినుండి ఏదేని పాత రశీదును సభ్యుల యెదుట తెరిపించి చూడుడు. తెరచుకొననిచో ఆ దినముననే క్రొత్త నకలు తీయింపుడు.