సేవాసంఘములు - యువజన నాయకత్వము

పదిమంది ఒకచోట కూడి సభ జరుపుకొనుట మన నగరములలో వింత కాదు. కూడినవారు లేచి వెళ్లిన పిమ్మట ఏమి మిగిలినదన్నదే అసలు ప్రశ్న. హైదరాబాదులోని నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతములలో తిరుగువారికి ఈ ప్రశ్నకు సమాధానమొకటి కట్టడముగానే కనిపించును. నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు పేరిట నడుచుచున్న బాలికల పాఠశాలయే అది.

ఆ పాఠశాల కథ ఒక అవమానముతో ఆరంభమైనది. 1921 నవంబరులో వివేకవర్ధని పాఠశాలలో సంఘసంస్కార మహాసభ జరిగెను. మహర్షి కార్వే అధ్యక్షులు. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించుటకు లేవగా సభాసదులు కొందరు గేలిచేసి ఆయనను మాటలాడనీయలేదు. ఆ రాత్రియే టేకుమాల రంగారావు ఇంట పదునొకండుగురు తెలుగువారు కూడి ఆంధ్రజన సంఘమును స్థాపించిరి. దానికి కార్యదర్శియై పనిచేసిన మాడపాటి హనుమంతరావునకు అప్పటికి ముప్పదియారేండ్లు.

వారు కోపముతో ఒక తీర్మానము చేసి ఊరకుండినచో ఆ రాత్రి ముచ్చట ఆ రాత్రితోనే ముగిసిపోయెడిది. కాని వారు గ్రంథాలయములను ప్రోత్సహించిరి. వెట్టిచాకిరిని గూర్చి ప్రజలకు తెలియజెప్పిరి. 1928లో తెలుగు బాలికల పాఠశాల ఏర్పడెను. రాజ్యమున ఉన్నతవిద్య ఉర్దూలో సాగుచున్న కాలమగుటచే తెలుగులో చదివిన ఆ బాలికలు కార్వే మహర్షి నెలకొల్పిన పూనా మహిళా విశ్వవిద్యాలయపు పరీక్షలకు పోవలసివచ్చెను. ఎవరి అధ్యక్షతన తెలుగు మాటకు చోటు దొరకలేదో, ఆయన విద్యాపీఠమే తెలుగు చదువునకు అండయైనది. ఓపికతో చేసిన పని ఇటువంటి విచిత్రములను సాధించును.

నేటి సేవాక్లబ్బులకు మూలము వేరు. రోటరీ 1905లోను, లయన్స్ సంస్థ 1917లోను చికాగో నగరమున పుట్టినవి. 1925లో హెలెన్ కెల్లర్ తమ మహాసభకు వచ్చి అంధుల పక్షమున నిలువుమని కోరినది మొదలు లయన్స్ సభ్యులు నేత్రసేవను ముఖ్యకార్యముగా స్వీకరించిరి. భారతదేశమున వారి తొలి క్లబ్బు 1956లో బొంబాయిలో వెలసెను. మరుసటి యేట అమెరికాలో జిమ్ గ్రేవర్ అను బేస్‌బాల్ శిక్షకుడు తన పాఠశాల విద్యార్థులతో మొదటి లియో క్లబ్బును నడిపించెను. 1968లో రోటరీవారి యువజనశాఖ, 1969లో గాంధీజీ శతజయంతి సంవత్సరమున మన జాతీయ సేవాపథకము వచ్చినవి. సేవతోపాటు నాయకత్వమును నేర్పుటయే వీటన్నిటి ఆశయము.

ఆశయము గొప్పదే, ఆచరణలో చిక్కు కలదు. ఈ క్లబ్బుల సంవత్సరము జూలై 1న మొదలై జూన్ 30తో ముగియును. ఏటేట అధ్యక్షుడు మారుటచే పదవి ఎవరికిని సొంతము కాదు. ఇది గుణము. పాతవారి పనిని కొత్తవారు తమదిగా భావింపకపోవుట దోషము. జూలై వచ్చుసరికి ప్రమాణస్వీకారములు, శాలువలు, విందులు. యువకులకు దక్కునది కుర్చీలు వేయుట, ఫ్లెక్సీ కట్టుట, ఫొటోలు తీయుట. జమాఖర్చు పుస్తకము మాత్రము వారి చేతికి రాదు.

రక్తదానమునే చూడుడు. పదునెనిమిదేండ్లు నిండిన ఆరోగ్యవంతుడు దానమీయవచ్చును. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు మరల ఈయవచ్చును. సేకరించిన ఎర్రకణములు ఆరు వారములకు మించి నిలువవు. ప్లేట్‌లెట్లు సాధారణముగా ఐదు దినములే. కావున ప్రారంభోత్సవము నాడు రెండువందలమంది వరుసలో నిలుచుటకంటె, వారినే పన్నెండు నెలలకు పంచి, ఎవరి వంతు ఎప్పుడో వ్రాసియుంచుట మేలు. కళాశాలలు మూతపడి దాతలు తగ్గు వేసవిలో ఆ పట్టికయే ప్రాణరక్షకమగును. ఇందుకు ఉపన్యాసశక్తి అక్కరలేదు. క్రమము తప్పని ఒక మనిషి కావలెను.

అట్టి మనుషులకు ఈ ప్రాంతమున కొదువ లేదు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయములో ప్రొద్దుననుండి పుస్తకముల ముందు కూర్చుండు యువతీయువకులు, అశోక్‌నగర్ ఇరుకుగదులలో ఉద్యోగపరీక్షలకు సిద్ధమగు జిల్లాల బిడ్డలు ఎందరో. వారికి డబ్బు లేదు, తీరిక స్వల్పము. అయినను వారమునకు ఒక గంట ఇచ్చి పేదపిల్లలకు లెక్కలు చెప్పగలరు. వృద్ధులకు పింఛను దరఖాస్తు నింపిపెట్టగలరు. నేడో రేపో అధికారులు కాగోరువారికి దరఖాస్తుకు ఆవలివైపున నిలిచినవాని కష్టము ముందే తెలియుట చిన్న లాభము కాదు.

కావున సభ్యసమావేశములు పెట్టువారు రెండు నియమములు పాటించినచో చాలును. గత సమావేశమున ఒప్పుకొన్న పనులలో ఏవి జరిగినవో మొదట చదువవలెను. ఆ చదువు బాధ్యత అందరికంటె చిన్నవానికి అప్పగింపవలెను. పని సగములో ఆగినచో కారణమడుగు హక్కును వానికే ఈయవలెను. పెద్దలకు అది కొంచెము ఇబ్బందియే. కాని పూలదండ వేసినంత మాత్రమున ఎవడును నాయకుడు కాడు. పద్దుపుస్తకము చేతికిచ్చి, దానికి సంజాయిషీ అడిగిననాడే అగును.