మిత్రిల్‌ను కొలిమిలో పెడితే

జె.ఆర్.ఆర్. టోల్కీన్ రాసిన 'ది హాబిట్' 1937లో వెలువడినప్పుడు అందులో మిత్రిల్ అన్న మాటే లేదు. డ్రాగన్ దాచిన నిధిలోంచి డ్వార్ఫ్‌ల (మరుగుజ్జు జాతి) నాయకుడు తోరిన్ ఒక గొలుసు చొక్కా తీసి కథానాయకుడు బిల్బోకు తొడుగుతాడు. అది వెండి తళుకున్న ఉక్కు అని మాత్రమే అప్పట్లో ఉండేది. 1954లో 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మొదటి భాగం వచ్చేసరికి ఆ లోహానికి పేరు, ఊరు, గుణగణాలు అన్నీ కుదిరాయి. 1966లో పాత నవలను సవరించినప్పుడు టోల్కీన్ ఈ పేరును అందులోనూ చేర్చాడు.

కథ ప్రకారం మిత్రిల్ దొరికేది మోరియా గనుల్లోనే. దాన్ని రాగిలా సాగగొట్టొచ్చు, అద్దంలా మెరుగుపెట్టొచ్చు. చూడ్డానికి వెండే, కానీ వెండిలా నల్లబడదు. దానితో చేసిన మూడు వస్తువుల్ని చూద్దాం. మొదటిది, బిల్బో నుంచి అతని వారసుడు ఫ్రోడోకు వచ్చిన చొక్కా. బల్లెం పోటును ఆపుతుంది. రెండోది, మోరియా పడమటి తలుపు మీది గీతలు. చంద్రుడి వెలుగులో, చుక్కల వెలుగులో తప్ప కనిపించవు. మూడోది, ఎల్ఫ్ జాతి దొరసాని గాలాద్రియెల్ వేలికున్న నెన్యా ఉంగరం. లోత్లోరియెన్ వనాన్ని కాలం తాకకుండా కాపాడే మహిమ దాని గుండానే ప్రవహిస్తుంది. ఒకే లోహం ఈ మూడు పనులూ చేయగలదా? ఊహాలోకం సంగతే అయినా ఇది లోహశాస్త్రం ముందు పెట్టదగ్గ ప్రశ్న. జవాబు వెతుకుతూ పోతే లోహం అంటే ఏమిటో కూడా తెలిసొస్తుంది.

చొక్కాతో మొదలుపెడదాం. రాగిలా సాగడం, పదునుపెట్టిన ఉక్కు కంటే గట్టిగా ఉండడం పైకి పరస్పర విరుద్ధంగా తోస్తాయి. కానీ టోల్కీన్ మిత్రిల్‌ను స్వతహాగా గట్టిదని అనలేదు. గట్టి లోహాన్ని దాన్నుంచి డ్వార్ఫ్‌లు తయారు చేయగలిగేవారన్నాడు. అంటే గనిలో దొరికేది మెత్తని లోహం, దాన్ని గట్టిపరిచింది పనితనం. ఏ లోహశాస్త్రజ్ఞుడూ ఇందులో తప్పు పట్టలేడు.

వైరింగ్ పనిలో మిగిలిన కాస్త మందమైన రాగి తీగ ముక్క ఉంటే చేసి చూడొచ్చు. పైతొడుగు పూర్తిగా ఒలిచి, పట్టకారుతో పట్టుకుని పొయ్యి మంట మీద ఎర్రగా కాల్చి చల్లారనివ్వండి. ఇప్పుడు వంచితే మైనంలా వంగుతుంది. అదే చోట తిరిగి సరిచేయబోతే మొరాయిస్తుంది, వంపు పక్కన ఇంకో వంపు తేలుతుంది. అటూ ఇటూ ఇంకొన్నిసార్లు వంచితే పుటుక్కున విరుగుతుంది. విరిగేలోపు మళ్లీ కాలిస్తే మళ్లీ మెత్తబడుతుంది. రాగి బిందె కొట్టే కంచరి మధ్యమధ్యలో దాన్ని కొలిమిలో పెట్టేది ఇందుకే. ఈ ప్రయోగంలో రాగికి కొత్తగా ఏదీ చేరలేదు, రాగిలోంచి ఏదీ పోలేదు. మారింది లోపలి అమరిక ఒక్కటే.

ఆ అమరిక గుట్టును 1934లో జెఫ్రీ టేలర్, ఎగాన్ ఒరొవాన్, మైకేల్ పొలాన్యీ ఎవరికి వారుగా విప్పారు. లోహంలో పరమాణువులు వరసల మీద వరసలుగా పేర్చి ఉంటాయి. ఒక వరసను మొత్తంగా పక్కకు జరపాలంటే బ్రహ్మాండమైన బలం కావాలి. అసలు లోహాలు అంత బలం లేకుండానే వంగిపోతాయి. కారణం, పేర్పులో అక్కడక్కడా ఒక సగం వరస ఇరుక్కుని ఉండడం. ఈ దోషాన్ని డిస్‌లొకేషన్ అంటారు. పెద్ద జంపఖానాను ఒక్కసారిగా లాగితే కదలదు గానీ ఒక కొసన చిన్న ముడత లేపి, ఆ ముడతను రెండో కొసదాకా నెట్టుకుంటూ పోతే సులువుగా జరుగుతుంది కదా, డిస్‌లొకేషన్ చేసేది ఆ పనే. అది తేలిగ్గా కదిలితే లోహం మెత్తన, దాని దారికి అడ్డం పడితే గట్టి. తీగను వంచినకొద్దీ డిస్‌లొకేషన్లు పుట్టుకొచ్చి ఒకదానికొకటి చిక్కుపడతాయి. కాలిస్తే ఆ చిక్కులు చాలావరకు విడిపోతాయి.

కాబట్టి గట్టిదనం మూలకంలో మాత్రమే ఉండదు, ఎక్కువగా అడ్డంకుల్లో ఉంటుంది. జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్‌కు 1906లో ఎదురైన వింత కూడా ఇదే. కొద్దిగా రాగి, మెగ్నీషియం కలిపిన అల్యూమినియాన్ని వేడిచేసి నీళ్లలో ముంచితే అది మెత్తగానే ఉంది. కానీ కొన్ని రోజులు ఊరికే పక్కన పెట్టి మళ్లీ పరీక్షిస్తే దానంతటదే గట్టిపడి ఉంది. అల్యూమినియంలో కరిగి ఉన్న రాగి పరమాణువులు నెమ్మదిగా గుంపులు కట్టి డిస్‌లొకేషన్ల దారిలో నిలబడ్డాయని తేలడానికి 1938 దాకా పట్టింది. డ్యూరాల్యూమిన్ పేరుతో విమానాల్ని ఎగరేసిన మిశ్రలోహం అది. మెత్తగా ఉండగా కావలసిన రూపం కొట్టుకుని తర్వాత గట్టిపడనివ్వడం అన్న డ్వార్ఫ్‌ల విద్యకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు కనిపించలేదు.

చొక్కా విషయంలో టోల్కీన్ జాగ్రత్త మరోచోట కూడా కనిపిస్తుంది. మోరియాలో ఫ్రోడోకు బల్లెం తగులుతుంది. చొక్కా చిల్లుపడదు, ఫ్రోడో బతుకుతాడు. కానీ ఛాతీ పక్కన నల్లగా కమిలిపోతుంది, ఒకచోట చొక్కా కడియాలు లోపలి తోలు బనియన్‌ను చీల్చుకుని ఒంట్లోకి దిగుతాయి. బల్లెం మొనను కవచం ఆపగలదు గానీ బల్లెం మోసుకొచ్చిన ఊపును మాయం చేయలేదు, అది ఒంటికి చేరాల్సిందే. ఇప్పటి బుల్లెట్ ప్రూఫ్ జాకెట్లను పరీక్షించేటప్పుడు గుండు ఆగిందా అని మాత్రమే చూడరు, వెనక్కి ఎంత లోతు నొక్కుకుపోయిందో కూడా కొలుస్తారు. చాలా కాల్పనిక కథలు కవచం ఆపేసిందని చెప్పి ఊరుకుంటాయి. టోల్కీన్ ఆ కమిలిన గాయాన్ని కూడా చూపించడం నాకెంతో నచ్చుతుంది.

మిత్రిల్ అంటే టైటానియమే అని చాలామంది అంటారు. తేలికదనం వరకూ నిజమే. ఘన సెంటీమీటరు ఉక్కు 7.8 గ్రాములుంటే టైటానియం 4.5 గ్రాములు. 10 కిలోల ఉక్కు చొక్కాను అవే కొలతల్లో టైటానియంతో చేస్తే 6 కిలోల లోపే తూగుతుంది. వెండి పట్టీల్ని నల్లబరిచేది గాలిలోని గంధకపు వాయువులు. టైటానియానికి వాటి బాధ లేదు. దాని ఒంటిమీద పట్టే సన్నని ఆక్సైడు పొర గీరుకుపోయినా క్షణాల్లో మళ్లీ పట్టేస్తుంది. టోల్కీన్ ఈ నవల రాస్తున్న కాలంలోనే, 1940లో, విలియం క్రోల్ ఈ లోహాన్ని తీసే పద్ధతికి పేటెంట్ పొందాడు. మనకూ దీనితో దగ్గరి చుట్టరికం ఉంది. భీమిలి, కళింగపట్నం తీరపు ఇసుకలో నల్లగా మెరిసే ఇల్మనైట్ టైటానియం ఖనిజమే. కేరళలోని చవరలో టైటానియం స్పాంజి తయారయ్యేది హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్ రూపొందించిన పద్ధతితో. అదే నగరంలో కంచన్‌బాగ్‌లోని ప్రభుత్వ సంస్థ మిధాని టైటానియం మిశ్రలోహాలు తయారుచేస్తుంది. కానీ మిత్రిల్ పరీక్షలో టైటానియం ఒకచోట తప్పుతుంది. అది పదునుపెట్టిన ఉక్కంత గట్టిది కాదు, రెండు టైటానియం ముక్కలు రుద్దుకుంటే పట్టుకుని గీరుకుపోతాయి. వేల కడియాలు ఒకదానిలో ఒకటి తిరిగే చొక్కాకు అది మంచి గుణం కాదు.

నా ఓటు లోహపు గాజుకు. 1960లో అమెరికాలోని కాల్‌టెక్‌లో పాల్ డ్యూవెజ్ బృందం బంగారం, సిలికాన్ కలిపిన ద్రవాన్ని సెకనుకు లక్షల డిగ్రీల చొప్పున చల్లార్చింది. పరమాణువులకు వరసకట్టే వ్యవధి దొరకలేదు, ద్రవంలో ఎలా చిందరవందరగా ఉన్నాయో అలాగే గడ్డకట్టాయి. వరసలే లేనప్పుడు డిస్‌లొకేషన్ ఎక్కడిది? 1990ల్లో అదే సంస్థలో జిర్కోనియం, టైటానియం, రాగి, నికెల్, బెరీలియం కలిపి ఇలాంటి గాజును మందపాటి ముక్కలుగా పోయగలిగారు. అది మామూలు వేడిమిలో బలంలో మేటి ఉక్కులతో పోటీపడుతుంది, 400 డిగ్రీల ప్రాంతంలో వేడిచేస్తే జిగురులా మెత్తబడి అచ్చులో ఒదుగుతుంది. గట్టిదనమూ, ఒదిగే గుణమూ, గాజు నునుపూ ఒకచోట కలిసింది ఇక్కడే. లోపం ఒకటుంది: సాగదీస్తే ముందస్తు హెచ్చరిక లేకుండా ఒక్కసారిగా తెగుతుంది.

తలుపు దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. చంద్రుడి వెలుగు వేరే వెలుగేమీ కాదు, ఎండే చంద్రుడి నేల మీద పడి తిరిగొస్తుంది. పున్నమి వెన్నెల ఎండలో దాదాపు 4 లక్షల వంతు ఉంటుంది, రంగుల పాళ్లలో తేడా స్వల్పం. ఏ లోహమూ రంగును బట్టి వెన్నెలను గుర్తుపట్టలేదు. మసక చీకట్లో మాత్రమే కంటికి ఆనేంత సన్నగా వెలిగే గీతలైతే సాధ్యమే. కథలో ఆ గీతలకున్న ఇంకో గుణాన్ని, సరైన మాట పలికితేనే మేల్కొనడాన్ని, మాత్రం కథకే వదిలేయాలి.

అసలు చిక్కు ఉంగరంతో వస్తుంది. మహిమను ప్రవహింపజేసే లోహం మన లోకంలో లేదు, కానీ కంటికి కనిపించని కరెంటును మోసే లోహాలున్నాయి. అన్నిటికంటే బాగా మోసేది వెండి, తర్వాత రాగి. లోహంలో పరమాణువుల వరసలు ఎంత క్రమంగా ఉంటే ఎలక్ట్రాన్లు అంత సాఫీగా సాగుతాయి. పరాయి పరమాణువు అడ్డొస్తే చెదిరిపోతాయి. 70 పాళ్ల రాగిలో 30 పాళ్లు జింకు కలిపితే వచ్చే ఇత్తడి, రాగి మోసే కరెంటులో 28 శాతమే మోస్తుంది. విమానాల్లో వాడే టైటానియం మిశ్రలోహం 1 శాతం దగ్గరే ఆగిపోతుంది. చొక్కాను గట్టిపరచడానికి మనం పెట్టిన అడ్డంకులే ఉంగరంలో ప్రవాహాన్ని కొట్టేస్తున్నాయి. మంచి కవచం కాగల లోహం మంచి వాహకం కాలేకపోవడానికి కారణం ఇది. దాదాపు కల్పిత లోహాలన్నీ దాటేసి వెళ్లే మెలిక కూడా ఇదే.

దీన్ని విప్పే దారులు రెండు దొరికాయి. 2004లో చైనాలోని షెన్యాంగ్‌లో లూ లే, లూ కే బృందం రాగి రేకులో అద్దంలో ప్రతిబింబంలాంటి పొరల్ని నానోమీటర్ల ఎడంలో పెంచింది. ఆ పొరల సరిహద్దుల దగ్గర డిస్‌లొకేషన్లు ఆగిపోతాయి, ఎలక్ట్రాన్లు మాత్రం దాదాపు ఆటంకం లేకుండా దాటిపోతాయి. ఆ రాగి మామూలు రాగి కంటే పది రెట్లు బలంగా ఉండి కూడా కరెంటును శుద్ధమైన రాగితో సమానంగా మోసింది.

రెండో దారి ఇంకా విడ్డూరం. 1911లో లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ పాదరసాన్ని సున్నాకు 269 డిగ్రీల దిగువకు చల్లబరిస్తే విద్యుత్ నిరోధం పూర్తిగా మాయమైంది. ఇదే అతివాహకత. అయితే శుద్ధ లోహాల్లో కొంచెం బలమైన అయస్కాంత క్షేత్రం తగిలితే చాలు, ఆ గుణం పోయేది. నియోబియం–టైటానియం వంటి మిశ్రలోహాల్లో క్షేత్రం సన్నని దారాలుగా లోపలికి చొరబడుతుంది, అతివాహకత మాత్రం నిలుస్తుంది. ఆ దారాలు కదిలితే శక్తి నష్టం, కాబట్టి వాటిని ఎక్కడికక్కడ పట్టి ఉంచాలి. పట్టి ఉంచేది మళ్లీ లోపలి దోషాలే. తీగను లాగుతూ, వేడిచేస్తూ, మళ్లీ లాగుతూ పోతే అందులో టైటానియం చుక్కలు ఏర్పడి ఆ దారాల్ని బిగించేస్తాయి. రాగిలో ప్రవాహాన్ని చెడగొట్టిన మలినమే ఇక్కడ దాన్ని కాపాడుతోంది. జెనీవా దగ్గర కణాల్ని ఢీకొట్టించే 27 కిలోమీటర్ల ఎల్‌హెచ్‌సీ వలయంలో అయస్కాంతాలకు చుట్టింది ఈ తీగే.

చొక్కా లోహపు గాజుతో చేయొచ్చు, కానీ ఉంగరం పనికి నియోబియం–టైటానియాన్ని మించింది నాకు కనిపించదు. దాన్ని చూడ్డానికి మోరియా దాకా పోనక్కర్లేదు, మీ జిల్లా కేంద్రంలోని ఎంఆర్ఐ యంత్రాల్లో ఎక్కువ వాటిలో ద్రవ హీలియంలో మునిగి ఉన్నది ఆ తీగే. ఒకసారి ఎక్కించిన కరెంటు బయటి సరఫరా లేకుండా అందులో ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. అంటే స్కానింగ్ జరగని వేళ, రాత్రి గదిలో లైట్లు ఆపేశాక కూడా ఆ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. అందుకే లోపలికి వెళ్లాల్సి వస్తే తాళం చెవులు, కత్తెరలు, ఆక్సిజన్ సిలిండర్ వంటివి ఏ వేళైనా సరే తలుపు బయటే వదిలి వెళ్లండి.