నిమ్మ తొక్కలోని పరిమళము – రైతు చూచుకొనవలసిన లెక్క

ఎండకాలమున మంచి ధర పలికిన నిమ్మకాయ, వానలు పడగానే కోతకూలికి కూడ చాలని ధరకు దిగుట మన రైతులందరు ఎరిగినదే. అట్టి రోజులలో శంకర్‌పల్లి అంగడి వద్ద ఒక రైతు నన్ను ఆపి, "సారూ, నిమ్మకాయల తొక్కల నుంచి సెంటు నూనె తీస్తరట. కిలోకు మస్తు ధర ఉన్నదట. అప్పు తెచ్చి మిషను కొందామనుకుంటున్న. మీరేమంటరు?" అని అడిగెను. ఇట్టి ఆలోచన మరి కొందరికి కూడ కలిగియుండవచ్చును గనుక ఆ రైతునకు చెప్పిన సంగతులనే ఇచ్చట వివరించుచున్నాను.

నూనె ఎచ్చట ఉండును?

నిమ్మతొక్కను దీపము దగ్గర పట్టి వంచినచో సన్నని తుంపర చిమ్మి చిటపట మండును. అదియే నిమ్మనూనె. ఇది రసములోనిది కాదు. పైతొక్కలో చుక్కలవలె కనబడు చిన్న తిత్తులలో నిండియుండును. లోపలి తెల్లని పొరలో నూనె ఉండదు.

ఈ నూనెను రెండు విధములుగా తీయుదురు. మొదటిది, తొక్కను గీచి, ఒత్తి, నీటితో కడిగి, పైకి తేలిన నూనెను వేరుచేయుట. వేడి తగలదు గనుక తాజా కాయ వాసన నిలుచును. పూర్వము ఇటలీలోని సిసిలీ దీవిలో కూలివారు తొక్కలను స్పాంజిపై చేతితో ఒత్తి నూనె పట్టెడివారు. నేడు ఇటలీ, స్పెయిన్, అర్జెంటీనా దేశములలో యంత్రములు ఈ పని చేయుచున్నవి. రెండవది, నలిపిన కాయలకు ఆవిరి పట్టి తీయుట. మెక్సికోలో మన నిమ్మజాతి కాయలనుండి ఇట్లు తీసిన నూనె శీతల పానీయములలో వాడబడుచున్నది.

ఇచ్చట ఒక భేదమును గుర్తుంచుకొనవలెను. విదేశములవారు లెమన్ అనునది పెద్దదై, దళసరి తొక్క గలది. మన నకిరేకల్, గూడూరు ప్రాంతములలో పండునది పలుచని తొక్క గల కాగజీ నిమ్మ. దీనిని వారు లైమ్ అందురు. ఈ రెంటి నూనెల వాసన వేరు, బజారులో పేరు వేరు.

పరిమళములో దాని పని

లెమన్ నూనెలో సుమారు మూడింట రెండు వంతులు లిమోనీన్ అను పదార్థము. మనము నిమ్మవాసనగా గుర్తించునది ముఖ్యముగా సిట్రాల్ వలన కలుగును. అది నూటికి రెండు మూడు పాళ్లు మాత్రమే ఉండును. కూరలో ఉప్పువలె కొద్దిపాటిదే రుచి నిర్ణయించుచున్నది.

చార్మినారు దగ్గర కొన్న గంధపు అత్తరు పూసుకొన్నచో సాయంకాలము వరకు వాసన నిలుచును. నిమ్మనూనె అట్లు కాదు. సీసా మూత తీయగనే ముందుగా ముక్కును తాకి, అర గంట తిరుగకముందే ఎగిరిపోవును. అందుచేత పరిమళము కూర్చువారు దీనిని తొలిపలుకుగా మాత్రమే వాడుదురు. వెనుక నిలుచుటకు పూలు, గంధము, బంకలు మొదలగువాని సారములను చేర్చుదురు. జర్మనీలోని కొలోన్ నగరమున 1709లో స్థాపింపబడిన ఫరీనా వారి సంస్థ పేరు తెచ్చుకొన్న యుడికొలోన్‌కు నిమ్మజాతి నూనెలే ప్రాణము.

ఈ నూనెకు రెండు బలహీనతలు కలవు. గాలి, వెలుతురు తగిలిన కొలది లిమోనీన్ పాడై కర్పూరతైలము వంటి వాసన వచ్చును. అట్టి నూనె చర్మమునకు దురద కలిగించును. కనుక ముదురు రంగు సీసాలో, అంచు వరకు నింపి, చల్లని చోట నుంచవలెను. రెండవది, ఒత్తి తీసిన నూనె చర్మముపై నుండగా ఎండ తగిలినచో బొబ్బలు, నల్లమచ్చలు రావచ్చును. అందుచేతనే అంతర్జాతీయ పరిమళ సంఘము చర్మముపై నిలిచియుండు సరుకులలో ఒత్తి తీసిన లెమన్ నూనె నూటికి 2 పాళ్లకు, లైమ్ నూనె 0.7 పాలుకు మించరాదని హద్దు పెట్టినది. ఆవిరి పట్టి తీసిన లైమ్ నూనెకు ఈ దోషము లేదు.

లెక్క చూతము

పెద్ద యంత్రములతో ఒత్తినను టన్ను లెమన్ కాయలకు నాలుగైదు కిలోల నూనె వచ్చుట సామాన్యము. పలుచని తొక్క గల మన కాయకు అంతకు మించి ఆశింపరాదు. అనగా కిలో నూనెకు రెండు వందల కిలోలకు పైగా కాయలు కావలెను. విదేశములలో ఈ పని గిట్టుటకు కారణము, అచ్చట రసము తీయు కర్మాగారమునకు తొక్క ఉత్తగా మిగులుట. నూనె ఉప ఉత్పత్తి. రసమే అసలు రాబడి. రసమునకు గిరాకి లేనిచోట నూనె కొరకే కాయలను నలుపుట, నేతి కొరకు పాలు పారబోయుటవంటిది.

నిమ్మగడ్డి సంగతి

నిమ్మవాసననే పంటగా తీయగోరువారికి నిమ్మగడ్డి అనుకూలము. టన్ను గడ్డికి ఆవిరి పట్టినచో సుమారు ఐదు నుండి ఏడు కిలోల నూనె వచ్చును. అనగా కాయలకన్న తక్కువ కాదు. అందు సిట్రాల్ నూటికి 75 నుండి 80 పాళ్లు. ఈ నూనె లెమన్ నూనెకు బదులు కాజాలదు. వాసన ఘాటుగా, పచ్చిగడ్డివలె నుండును. సబ్బులకు ఉపయోగించును. దానిలోని సిట్రాల్ నుండియే వయొలెట్ పూవాసన గల అయొనోన్లను తయారుచేయుదురు. ఈ విధానము 1893 నుండి తెలిసినదే. మొక్కలు నాటిన నాలుగైదు నెలలకు మొదటి కోత వచ్చును. తరువాత రెండు మూడు నెలలకొకసారి కోయవచ్చును. మడి నాలుగైదు ఏండ్లు నిలుచును.

అయితే కోసిన గడ్డిని నిలువ చేసి ధరకై వేచియుండుటకు వీలులేదు. దగ్గరలో నూనె తీయు బట్టీ, చేతిలో కొనుగోలుదారుని మాట, ఈ రెండును లేక ఎకరములకొలది నాటరాదు. 1959లో వెలసి, నేడు లక్నో కేంద్రముగా పనిచేయుచున్న సుగంధ మొక్కల పరిశోధన సంస్థ, సీమ్యాప్, మన హైదరాబాదు దగ్గర బోడుప్పల్‌లో శాఖ నడుపుచున్నది. కృష్ణ మొదలగు రకముల నారు గురించి, బట్టీ గురించి అచ్చట విచారించవలెను.

మన ప్రాంతమునకు మరియొక బాధ్యత కలదు. మన వాగుల నీరు గండిపేట, హిమాయత్‌సాగర్లకు చేరును. 1996 నాటి జి.ఓ. 111 పరివాహక ప్రాంతమందలి 84 గ్రామములలో కాలుష్యము కలిగించు పరిశ్రమలను నిషేధించినది. 2022లో వచ్చిన జి.ఓ. 69 ఆంక్షలను సడలించినను, జలాశయముల నీరు చెడరాదను షరతు విధించినది. కనుక బట్టీ పెట్టుటకు ముందు అనుమతి విషయము తెలిసికొనవలెను. వేడినీటిని వాగులోనికి వదలరాదు. ఆవిరి పట్టిన గడ్డిని తడి ఆరనీయక కుప్పవేసి ఎరువు చేసికొనవచ్చును.

ఆ రైతు మిషను కొనలేదు. నిమ్మచెట్లను కొట్టనూ లేదు. పొలము గట్టువెంట నాలుగు గుంటలలో నిమ్మగడ్డి నాటి చూచెదనని, మిగిలిన కాయలను ఊరగాయ పెట్టువారికి ఇచ్చెదనని చెప్పి వెళ్లెను. రైతు సోదరులు క్రొత్త పంటను ముందు గుంటలలో పరీక్షించి, లెక్క కుదిరిన పిమ్మటనే ఎకరములకు పోవుట క్షేమము. వాసన గాలిలో కలిసిపోవును గాని అప్పు మాత్రము నిలిచియుండును.